‘నేను’ అను మాటపై తొమ్మిది శతాబ్దుల వాదము

కృష్ణాతీరమున విజయపురి యను పట్టణము క్రీస్తుశకము 3వ శతాబ్దిలో ఇక్ష్వాకు రాజులకు రాజధానిగా నుండెను. ఆ లోయ నేడు నాగార్జునసాగర జలముల క్రింద నున్నది. 1954 మొదలు 1960 వరకు జరిగిన త్రవ్వకములలో బయల్పడిన కట్టడములలో కొన్నిటిని కొండమీదికిని గట్టుమీదికిని తరలించి నిలిపిరి. అచ్చటి శాసనములు చదువువారికి ఒక కుటుంబము కన్నులకు కట్టినట్లుండును. వంశమునకు మూలపురుషుడైన వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అగ్నిష్టోమమును, వాజపేయమును, అశ్వమేధమును చేసిన యజమాని, మహాసేనుని భక్తుడు. అతని తోడబుట్టిన చాంతిసిరి బౌద్ధోపాసిక. ఆమె తన మేనల్లుడైన వీరపురుషదత్తుని 6వ రాజ్యవర్షమున మహాచైత్యమును ప్రతిష్ఠింపించెను. పుట్టినింటివారిలోను మెట్టినింటివారిలోను గతించినవారికి, ఉన్నవారికి, రాబోవువారికి ఉభయలోకములందును హితసుఖములు కలుగవలెననియు, తనకు నిర్వాణసంపద లభింపవలెననియు ఆమె కోరిక.

‘తనకు’ అను ఆ చిన్న మాటకడ కొంచెము నిలిచి చూడవలెను. యజ్ఞము చేసినవాని ఆత్మ దేహము పోయిన పిమ్మట కూడ నిలిచి యుండి ఆ ఫలమును పొందునని సోదరుని మతము. నిలిచియుండు ఆత్మ యనునది ఎచ్చటను లేదని సోదరి మతము. ఆత్మ లేనప్పుడు నిర్వాణము ఎవరికి? అన్నాచెల్లెండ్రో అక్కాతమ్ములో, వారిరువురును ఒకేయింట పెరిగిరి; ఈ ప్రశ్న వారి నడుమ ఎన్నడైన వచ్చెనో లేదో, వచ్చినను ఇంటిలో దానిని ఎట్లు సర్దుకొనిరో శాసనములు చెప్పవు. పండితులు మాత్రము సర్దుకొనలేదు. నాగార్జునాచార్యుని కాలము మొదలు ఉదయనాచార్యుని కాలము వరకు, అనగా రమారమి తొమ్మిది వందల ఏండ్లు, ‘నేను’ అను మాటకు అర్థమేమని బౌద్ధులును నైయాయికులును వాదించుకొనిరి.

ముందుగా బౌద్ధులు దేనిని కాదనిరో తెలిసికొనవలెను. మనుష్యుడే లేడని వారనలేదు. మిలిందుడను యవనరాజునకు నాగసేన భిక్షువు చెప్పిన రథదృష్టాంతము మనవారికి తెలిసినదే. చక్రములు రథము కాదు, ఇరుసు రథము కాదు, నొగలు రథము కాదు. వీటిని విడిచి వేరుగా రథము లేదు. ఐనను రథమెక్కి రాజు వచ్చినమాట నిజము. అట్లే రూపము, వేదన, సంజ్ఞ, సంస్కారములు, విజ్ఞానము అను ఐదు స్కంధముల కూడికకు లోకము పెట్టుకొన్న పేరు ‘నేను’. పేరుతో పని జరుగును. పేరు వెనుక మార్పులేని వస్తువొకటి దాగియున్నదని తలచుట పొరపాటని వారి మాట.

ఈ మాట బౌద్ధులకే అందరికిని మింగుడుపడలేదు. వాత్సీపుత్రీయులను శాఖవారు, పుద్గలుడని ఒకడు కలడనియు, అతడు స్కంధములకంటె వేరనియు చెప్పరాదు, వేరు కాదనియు చెప్పరాదనియు అనిరి. నిప్పు కట్టెకంటె వేరా, కాదా యనినట్లు! తర్కశాస్త్రమున పెద్దపేరు పొందిన దిఙ్నాగుడు మొదట ఈ శాఖలోనే ప్రవ్రజ్య పుచ్చుకొన్నాడని టిబెట్టు చరిత్రకారుడు తారానాథుడు 1608లో ముగించిన గ్రంథమున వ్రాసెను. మాటలకందని ఆ పుద్గలుని వెదకుమని గురువు ఆజ్ఞాపించెనట. శిష్యుడు పగలు కిటికీలన్నియు తెఱచి, రాత్రి నలుదిక్కుల దీపములు పెట్టి, కట్టుబట్టలు విడిచి, తన దేహమును లోపల వెలుపల పరికింపసాగెను. ఇదేమి పిచ్చియని అడిగినవారితో, గురువుగారు వెదకుమన్న వస్తువును వెదకుచున్నాననెను. గురువునకు ఎత్తిపొడుపు అర్థమయ్యెను, శిష్యుని వెళ్లగొట్టెను. కథ యథార్థమో కాదో గాని, దిఙ్నాగుని స్వభావమునకు మిక్కిలి తగియున్నది. కంటికి గాని యుక్తికి గాని అందనిదానిని ఒప్పుకొననివాడు గురువు నెదుట నైనను ఒప్పుకొనడు.

ఇక నైయాయికుల పక్షము. వారు ఆత్మను తపస్సులో దర్శింపుమని చెప్పక, మన దినదినానుభవమును చూపుదురు. పుల్లని కాయను కంటితో చూడగానే నోట నీరూరును. చూచినది కన్ను, ఊరినది నోరు. కంటికి పులుపు తెలియదు, నాలుకకు రూపు తెలియదు. ఈ రూపుగల కాయకు ఆ రుచి యుండునని ఒకప్పుడు రెండును ఎఱిగినవాడొకడు లోపల నుండవలెను గదా? గౌతముని న్యాయసూత్రములలో ఈ యుక్తి కలదు. వేసవిలో ఆవకాయ కలుపుచున్న ఇంటి ముందునుండి నడిచిన ఆంధ్రునకు దీనిపై వ్యాఖ్యానము అక్కఱలేదు. చూచినదానినే తాకుచున్నాననుటయు, నిన్న విన్నదానిని నేడు స్మరించుటయు, ఒకప్పుడు సుఖమిచ్చినదానిని మరల కోరుటయు ఒకే జ్ఞాత యున్నగాని పొసగవని వారి సిద్ధాంతము. ఇచ్ఛ, ద్వేషము, ప్రయత్నము, సుఖము, దుఃఖము, జ్ఞానము అను ఆఱును ఆత్మకు గుర్తులని సూత్రకారుడు లెక్కించెను. పొగను చూచి నిప్పును ఊహించినట్లు, వీనిని చూచి ఆత్మను ఊహింపవలెను.

రేడియో వినువారికి ఇందుకు మఱియొక ఉదాహరణము చేతిలోనే యున్నది. ప్రసంగకర్త ఒక వాక్యము పలుకును. రెండవ అక్షరము వినబడుసరికి మొదటి అక్షరము లేదు. క్రియాపదము వచ్చుసరికి కర్తృపదము గాలిలో కలిసిపోయినది. ధ్వనులన్నియు ఒక్కసారిగా ఎన్నడును లేవు. ఐనను వాక్యార్థము మనకు తెలియుచున్నది. పోయిన అక్షరములు ఒక్కొక్కటియు ఆత్మయందు సంస్కారమును విడిచిపోవుననియు, చివరి అక్షరముతో అవి మేల్కొనుననియు నైయాయికులు చెప్పిరి. కూడబెట్టువాడు లేక కూడిక లేదు.

కూడబెట్టువాడు అక్కఱలేదు, వరుస చాలునని బౌద్ధుల సమాధానము. వసుబంధువు అభిధర్మకోశము తొమ్మిదవ ప్రకరణములో దీనినే విస్తరించెను. విత్తు మొలకయై, మొలక మొక్కయై, మొక్క పువ్వై, పువ్వు కాయ యగును. ఇందులో మొదటినుండి చివరవరకు మార్పులేక నిలిచినదేది? ఐనను మామిడి విత్తునకు వేపకాయ కాయదు. అనుభవించిన క్షణము తన ముద్రను తరువాతి క్షణమునకు అప్పగించును. ఆ పరంపరలో ఒకచోట ఆ ముద్ర స్మృతియై పండును. స్మృతి ఎవరిదని అడిగినచో, చైత్రుని ఆవు అనునపుడు చైత్రునకును ఆవునకును గల సంబంధమేదో చెప్పుమని అతడు ఎదురు ప్రశ్న వేసెను. ఆవును తోలుటకు, పితుకుటకు, అమ్ముటకు అతడు కారణమగుటయే గదా యజమానత్వము! చైత్రుడనునదియు ఒక ప్రవాహమే, ఆవును ఒక ప్రవాహమే.

ఇంతవరకు ఇది చదువుకొన్నవారి సరసమువలె కనబడవచ్చును. కాని ‘చేసుకున్నవారికి చేసుకున్నంత’ అని మన పల్లెలలో ముసలివారు అనుకొను మాట ఈ వాదముపై ఆధారపడియున్నది. చేసినవాడు ఒకడు, అనుభవించువాడు మఱియొకడు ఐనచో ధర్మమునకు నిలుకడ యేది? చేసినది నశించుట, చేయనిది నెత్తిన పడుట అను రెండు దోషములను నైయాయికులును మీమాంసకులును బౌద్ధులమీద మోపిరి. బాల్యమున అప్పుచేసినవాడు వేరు, ఈనాడు పత్రము చూపినవాని ముందున్నవాడు వేరు అన్నచో ఏ ఋణదాత ఒప్పుకొనును?

దీనికి నాగసేనుడు చెప్పిన జవాబు మామిడిపండ్ల దొంగ కథ. పండ్లు దొంగిలించి పట్టువడినవాడు, నీవు నాటినవి వేరు టెంకలు, నేను కోసినవి వేరు పండ్లు, నీ సొత్తు నేను ముట్టలేదనెను. రాజు వానిని విడిచిపెట్టునా? నాటిన టెంకనుండియే ఈ పండ్లు వచ్చినవి కావున దండించును. కర్మయు అంతే. ప్రవాహము తెగనంతవరకు బాధ్యత తెగదు. చాంతిసిరి కోరిన ‘తనకు’ అను మాటకు బౌద్ధుడు చెప్పు అర్థమిదియే.

ప్రత్యర్థులు ఇచ్చట గట్టి ప్రశ్న యడిగిరి. కార్యకారణముల వరుసయే చాలునన్నచో, గురువు చెప్పినందున శిష్యునకు జ్ఞానము కలిగినది, ఇదియు వరుసయే. మఱి గురువు చిన్ననాట తిన్న మిఠాయి రుచి శిష్యునకు జ్ఞాపకము రాదేమి? మట్టి కుండకు కారణమైనట్లు కొన్ని కారణములు తామే కార్యరూపము పొందును, కుమ్మరివలె కొన్ని వెలుపలినుండి సాయపడును. గురువు రెండవ తెగవాడని బౌద్ధులనిరి. ఏ వరుస ఏ తెగకు చెందినదో ఏకాత్మను ఒప్పుకొనక ఎట్లు గుర్తింతువని ఉదయనుడు పట్టుబట్టెను. నా మట్టుకు నాకు, స్మృతి విషయమున బౌద్ధుల సమాధానమే తేలికగా తోచును. పరుని అనుభవము మనకెందుకు జ్ఞాపకము రాదను ఈ ప్రశ్నకడ మాత్రము నైయాయికుని చేయి పైన నున్నది. దానికి తృప్తికరమైన బౌద్ధసమాధానము నేను చదివిన గ్రంథములలో కనబడలేదు. బౌద్ధాభిమానులు ఇంకొక తీరున తీర్పు చెప్పవచ్చును.

తీర్పు చెప్పుటకు తులమానమొకటి కావలెను గదా. ఇరుపక్షములకు ఒప్పుదలైన తులమానమును నిర్మించుటలో ఆంధ్రభూమికి ఒక భాగము కలదు. 7వ శతాబ్ది పూర్వార్ధమున హ్యుయన్‌త్సాంగ్ అను చీనాయాత్రికుడు వేంగికి వచ్చినపుడు, నగరమునకు కొంతదూరమున ఒంటికొండయు దానిపై ఒక స్తూపమును ఉండెననియు, దిఙ్నాగుడు అచ్చటనే హేతువిద్యాగ్రంథమును రచించెననియు వ్రాసికొనెను. హేతువు సరియైనదగుటకు మూడు లక్షణములు ఉండవలెనని దిఙ్నాగుడు నిర్ణయించెను. కొండమీద నిప్పున్నదని పొగచేత నిరూపింపవలెననిన, పొగ ఆ కొండమీద నుండవలెను. నిప్పుగల వంటయింటివంటి చోట్ల కనబడవలెను. నిప్పులేని చెఱువువంటి చోట్ల ఎంతమాత్రమును ఉండరాదు. ఈ లెక్కను తొమ్మిది గదుల చక్రముగా అతడు వేసి చూపెను. ఏ గదిలో పడిన హేతువు గెలుచునో, ఏ గదిలో పడినది ఓడునో చూడగనే తెలియును. ప్రత్యక్షము, అనుమానము అను రెండే ప్రమాణములని అతని మతము. ఉపమానమును, శబ్దమును చేర్చి నాలుగని న్యాయమతము.

ఇట్టి దిఙ్నాగునిమీదికి ఉద్ద్యోతకరుడు న్యాయవార్తికముతో దండెత్తెను. కుతార్కికులు కలిగించిన అజ్ఞానమును పోగొట్టుటకే వ్రాయుచున్నానని మొదటనే చాటెను. ఆత్మవిషయమున అతడు చేసిన పని నన్ను ఎక్కువగా ఆకర్షించినది. ఐదు స్కంధములు బరువనియు, ఆ బరువును మోయువాడు పుద్గలుడనియు బుద్ధుడు ఉపదేశించిన ఒక సూత్రము బౌద్ధాగమములో కలదు. ఉద్ద్యోతకరుడు దానిని ఎత్తి చూపి, ఆత్మ లేదనుట మీ శాస్త్రమునకే విరుద్ధము కాదా యని నిలదీసెను. ప్రతిపక్షి పవిత్రగ్రంథమును అంత శ్రద్ధగా చదివినవాడు గనుకనే అట్లు అడుగగలిగెను.

వాదసభలకు కట్టుబాట్లు ఉండెను. న్యాయసూత్రములు ఇరువదిరెండు నిగ్రహస్థానములను, అనగా ఓడినట్లు లెక్కించు సందర్భములను చెప్పినవి. వానిలో ఒకటి వినుడు. ప్రతివాది మాటను సభ గ్రహించి, అది మూడు పర్యాయములు వినిపింపబడిన పిమ్మట, దానిని తిరిగి చెప్పలేనివాడు ఓడినట్లే. ఖండింపకముందు ఎదుటివాని మాటను వానికంటె బాగుగా అప్పగింపవలెను! మన సభలలో ఈ నియమము పెట్టినచో ఎందఱు వక్తలు నిలుతురో ఊహించుకొనవచ్చును. ఐనను న్యాయసూత్రకారుడు జల్పవితండలకు కూడ చోటిచ్చెను: మొలకలకు ముండ్లకంచెవలె అవియు తత్త్వమునకు కాపుదల యట. ధర్మకీర్తి తన వాదన్యాయమున ఇందుకు సమ్మతింపలేదు. అట్లైనచో గోళ్లతో రక్కుట, చెంపదెబ్బ, కత్తిపోటు, నిప్పుపెట్టుట కూడ తత్త్వరక్షణమే యగును గదా యని ఎగతాళి చేసి, ఇరువదిరెండింటిని రెండింటికి కుదించెను: సాధనకు పనికిరానిది పలుకుట యొకటి, ఎదుటివానిలో ఉన్న దోషమును చూపలేకపోవుట యొకటి.

భక్తివిశ్వాసముల మాట వచ్చునపుడు లెక్క మనము అనుకొన్నట్లు రాదు. ఆత్మను నమ్మినవాడు దేవుని నమ్మును, ఆత్మను కాదన్నవాడు నాస్తికుడు అని సామాన్యముగా తలతుము. కాని ఆత్మ నిత్యమని గట్టిగా వాదించిన కుమారిలభట్టు జగత్కర్తయైన ఈశ్వరుని ఒప్పుకొనలేదు. ఆత్మను కాదన్న బౌద్ధుడు కర్మను, పునర్జన్మను, మోక్షమును ఒప్పుకొనెను. వేదము నిజమగుటకు కారణము దానికి కర్త లేకపోవుటయే యని మీమాంసకుడు. కర్త యున్నచోట పొరపాటునకు తావుండునని అతని భయము. వేదమునకు నమ్మదగిన కర్త యుండుటయే కారణమని నైయాయికుడు. వైద్యశాస్త్రమును ఫలము చూచి నమ్మినట్లు, ఆప్తుని మాటను నమ్మవలెనని అతని ఉపమానము. ఒకే వేదమునకు ఒకే కొలువులో నిలిచినవారిరువురు ఒకరి ఆధారమును ఒకరు పెఱికివేయుచున్నారు!

దిఙ్నాగుడు తన ప్రమాణసముచ్చయమును ఆరంభించుచు బుద్ధుని సాక్షాత్తు ప్రమాణమైనవానిగా నుతించి నమస్కరించెను. రెండే ప్రమాణములన్నవాడు మూడవదానికి మ్రొక్కెనా యని సందేహము కలుగును. ధర్మకీర్తి దానికి వ్యాఖ్యగా ఒక పరిచ్ఛేదమునే వ్రాసెను. బుద్ధుడు కరుణచేత ప్రేరితుడై, అనేక జన్మముల అభ్యాసముచేత దుఃఖమును పోగొట్టు ఉపాయమును కనుగొని చెప్పెను, ఆ ఉపాయము పరీక్షకు నిలుచును, కనుక ప్రమాణము. మఱి ప్రత్యక్షమునకును అనుమానమునకును బొత్తిగా అందని సంగతులలో? అచ్చట వేఱు గతి లేనందున, పరీక్షించినంతవరకు తప్పని శాస్త్రమును ఆశ్రయించి నడువవలెనని అతడు దాచక చెప్పెను. విశ్వాసమునకు ఇంత నిరాడంబరమైన సమర్థన మఱియొక తార్కికుని వ్రాతలో నాకు కనబడలేదు.

10వ శతాబ్ది ఉత్తరార్ధమున మిథిలలో ఉదయనాచార్యుడు ప్రసిద్ధుడయ్యెను. అతని లక్షణావళి శకము 906, అనగా క్రీస్తుశకము 984 ప్రాంతమున ముగిసెను. అతడు బౌద్ధులను ఖండించుటకు ఆత్మతత్త్వవివేకమును, ఈశ్వరుని స్థాపించుటకు న్యాయకుసుమాంజలిని రచించెను. పూరీక్షేత్రమునకు పోయి తలుపులు మూసియుండుట చూచి, జగన్నాథునితోనే వాదమునకు దిగెనని ఒక కథ వాడుకలో నున్నది. ఐశ్వర్యమదముచేత నన్ను లెక్కచేయవుగాని, బౌద్ధులు వచ్చినపుడు నీ యునికి నా చేతిలో నున్నదని దెప్పెనట! కథలోని ఉదయనుని చూచి అహంకారి యనుకొందుము. కుసుమాంజలి చదివినచో అభిప్రాయము మారును. ఈ తర్కవిచారమంతయు మననమను పేరుగల ఉపాసనయేయని అతడు మొదటనే చెప్పెను. ఏదో ఒక రూపమున దేవుని కొలువనివారు లేరని చెప్పుచు, పట్టికలో బుద్ధుని సర్వజ్ఞుడని కొలుచువారిని, చార్వాకులను, విశ్వకర్మయని మ్రొక్కు పనివారిని కూడ చేర్చెను. అయిదు స్తబకముల ఖండనమండనములు ముగిసిన పిమ్మట, గ్రంథాంతమున ఈశ్వరుని ఒక వరము వేడెను. ఇన్ని యుక్తులతో కడిగినను నీకు చోటియ్యని హృదయములు ఇనుముతో చేసినవి కావచ్చును. ఐనను నిన్ను కాదనుటకై వారును గాఢముగా నిన్నే చింతించుచున్నారు గనుక, కాలము వచ్చినపుడు కరుణతో వారిని కూడ తరింపజేయుమని ఆ ప్రార్థన భావము.

ఆ ‘వారిలో’ ముఖ్యుడు విక్రమశిలా విహారమునకు చెందిన జ్ఞానశ్రీమిత్రుడు. అతని శిష్యుడు రత్నకీర్తి. 12వ శతాబ్ది ముగియుసరికి, లేదా ఆ తరువాత కొలది ఏండ్లకు, విక్రమశిలయు నాలందయు పాడుపడెను. గంగామైదానమున బౌద్ధతార్కికుడు కఱవయ్యెను. 14వ శతాబ్దిలో గంగేశోపాధ్యాయుడు నవ్యన్యాయమునకు పునాది వేసెను. ఆ శాస్త్రము సూదిమొనవలె వాడి తేఱెను. ఆంధ్రుడని ప్రతీతిగల అన్నంభట్టు 17వ శతాబ్దిలో తర్కసంగ్రహమును బాలురకొఱకు వ్రాయునాటికి, ఆత్మ యనగా జ్ఞానమునకు ఆశ్రయమని ఒక ముక్కలో చెప్పి ముందునకు సాగిపోవచ్చును. ఎందుకని అడుగువాడు ఎదుట లేడు. ఆ పుస్తకమే ఇప్పటికిని తర్కము నేర్చువారికి మొదటి మెట్టు.

జ్ఞానశ్రీ పలుకులు ఈ దేశమున ఎన్నో తరములు ఉదయనుని ఖండనలోనే బ్రతికియుండెను. ఎదుటివాని మాటను సరిగా అప్పగింపవలెనను పాత నియమము అంతవఱకు అతనిని కాపాడెను. 1929 మొదలు 1938 వరకు రాహుల సాంకృత్యాయనుడు నాలుగు పర్యాయములు టిబెట్టునకు పోయి, విహారములలో తాటియాకు ప్రతులను వెదకి, కొన్నిటికి నకళ్లు వ్రాసి, కొన్నిటికి ఛాయాచిత్రములు తీసి పాట్నాకు చేర్చెను. వానినుండి రత్నకీర్తి నిబంధములు 1957లోను, జ్ఞానశ్రీమిత్రుని నిబంధములు 1959లోను అచ్చుపడెను. రెండింటిని పరిష్కరించిన అనంతలాల ఠాకూరు న్యాయశాస్త్రమున నిష్ణాతుడు. వసుబంధుని అభిధర్మకోశభాష్యము సంస్కృతమూలము 1967లో వెలువడెను.

ఇటువంటిదే రెండవవైపునను జరిగినది. అవిద్ధకర్ణుడు, భావివిక్తుడు అను ప్రాచీన నైయాయికులు ఆత్మనుగూర్చి వ్రాసిన గ్రంథములు మిగులలేదు. వారి యుక్తులను 8వ శతాబ్దిలో శాంతరక్షితుడు తత్త్వసంగ్రహమున ఖండించుటకై ఎత్తుకొనెను; అతని శిష్యుడు కమలశీలుడు ఆ యుక్తులు ఎవరెవరివో పేర్లతో సహా వ్రాసిపెట్టెను. ఆ గురుశిష్యులిరువురును టిబెట్టునకు పోయి అచ్చటనే దేహములు చాలించిరి. తత్త్వసంగ్రహము మాత్రము బౌద్ధులును నైయాయికులును కాని జైనుల భాండాగారములలో భద్రముగా నుండి, 1926లో బరోడాలో అచ్చుపడెను.